ఆర్థిక సంక్షోభాల గురించి సోషియాలజీ ఏమంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్టుబడిదారీ వ్యవస్థలో సంక్షోభాలు ఎందుకు వస్తాయన్న దాని మీద సోషియాలజీ విద్యార్థులూ, ఊరికే ఆసక్తి కొద్దీ చదివేవాళ్లూ అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మళ్లీ మళ్లీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నా అభిప్రాయాలు కూడా మధ్యలో దొర్లుతాయి, వాటితో ఏకీభవించాలని లేదు.

## మొదలుపెట్టే ముందు

సంక్షోభం అంటే ఎకనామిక్స్ సబ్జెక్ట్ కదా, సోషియాలజీకి ఇందులో పనేంటి?

అర్థశాస్త్రంలో ప్రధానంగా నడిచే ధోరణి చాలాకాలం సంక్షోభాన్ని బయటి నుంచి తగిలిన దెబ్బలాగే చూసింది. చమురు ధర పెరిగింది, యుద్ధం వచ్చింది, వైరస్ వచ్చింది, కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు విషయంలో తప్పు చేసింది, లేకపోతే మార్కెట్ తనంతట తాను సర్దుకునేదే అని. సోషియాలజీ అడిగేది వేరు. ఒక్క దెబ్బకి ఇంతగా కూలిపోయేలా ఈ వ్యవస్థ ఎందుకు తయారైంది, నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయి, నష్టం చివరికి ఎవరి నెత్తిన పడింది, అంత జరిగినా జనం ఎందుకు ఊరుకున్నారు. అప్పు, జీతం, ఆస్తి, బ్యాంకు మీద నమ్మకం, ఇవన్నీ మనుషుల మధ్య సంబంధాలే, అంకెలు ఆ తర్వాత వస్తాయి. అలాగని ఆర్థికవేత్తలకి ఇది తెలియదని కాదు. పరిస్థితులు బాగున్న రోజుల్లోనే జనం, బ్యాంకులు ధైర్యం పెరిగి ప్రమాదకరమైన అప్పుల్లోకి దిగుతారని చెప్పిన హైమన్ మిన్స్కీ ఆర్థికవేత్తే. ఆయన్ని సోషియాలజిస్టులు తమవాడిలాగే చదువుతారు.

మాంద్యం, సంక్షోభం రెండూ ఒకటే కదా?

కాదు. మాంద్యాన్ని అంకెలతో కొలుస్తారు. ఉత్పత్తి వరసగా రెండు త్రైమాసికాలు తగ్గితే మాంద్యం అనడం చాలామంది వాడే లెక్క. సంక్షోభం అనాలంటే అప్పటిదాకా పనిచేసిన పద్ధతులు ఇక పనిచేయని పరిస్థితి రావాలి. మాంద్యం వచ్చి పాత పద్ధతులతోనే సర్దుకుపోవచ్చు, అది సంక్షోభం కాదు. 1970లలో మాత్రం ధరలూ నిరుద్యోగమూ రెండూ ఒకేసారి పెరిగాయి. అప్పటి విధాన నిర్ణేతల చేతిలో ఉన్న సూత్రాల ప్రకారం అలా జరగకూడదు. దాన్ని సంక్షోభం అనడంలో ఎవరికీ అనుమానం లేదు.

ఇన్ని సిద్ధాంతాలు చూస్తేనే టెన్షన్ వస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పేర్లు బట్టీ పట్టకండి. ఏ సిద్ధాంతం తీసుకున్నా మూడు విషయాలు అడగండి చాలు: చిక్కు ఎక్కడ మొదలైందంటోంది, అది అక్కడి నుంచి ఎటు జరిగిందంటోంది, బిల్లు ఎవరు కట్టారంటోంది. మార్క్స్ మొదటి ప్రశ్న మీద ఎక్కువ కూర్చుంటాడు, జర్మన్ తత్వవేత్త హాబర్మాస్ రెండోదాని మీద. మూడోదానికి సరైన జవాబు ఇచ్చినవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండో ప్రశ్నే అన్నిటికంటే పనికొచ్చేది, ఎందుకంటే గత యాభై ఏళ్లలో సంక్షోభాలు తీరిపోయినవాటి కంటే చోటు మార్చుకున్నవే ఎక్కువ.

## తొలితరం ఆలోచనాపరులు

మార్క్స్ సంక్షోభ సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పండి

ఒక్క ముక్కలో కుదరదు, ఎందుకంటే మార్క్స్ దాన్ని పూర్తిగా ఒకచోట రాయనే లేదు. 1883లో ఆయన చనిపోయాక రాతప్రతులు సర్ది ఎంగెల్స్ 1894లో 'పెట్టుబడి' మూడో సంపుటం తెచ్చాడు. సంక్షోభాల గురించిన ముఖ్యమైన వాదనలు చాలావరకు అందులోనే చెల్లాచెదురుగా ఉన్నాయి.

కనీసం మూడు దారాలు కనిపిస్తాయి. ఒకటి, సరుకు కుప్పలుగా తయారవుతుంది గానీ దాన్ని తయారుచేసినవాళ్లకే కొనే శక్తి ఉండదు, జీతాలు తక్కువగా ఉంచితేనే లాభం కాబట్టి. రెండు, పోటీలో నెగ్గడానికి ప్రతి యజమానీ మనుషుల స్థానంలో యంత్రాలు పెడతాడు, కానీ అదనపు విలువ, అంటే కూలికి మించి కార్మికుడు సృష్టించి యజమానికి మిగిల్చేది, వచ్చేది మనుషుల శ్రమ నుంచే కాబట్టి మొత్తం మీద లాభాల రేటు మెల్లగా పడిపోతుంది. మూడు, ఏ పరిశ్రమ ఎంత తయారుచేయాలో ఎవరూ కూర్చుని తేల్చరు కాబట్టి రంగాల మధ్య పొంతన తప్పుతుంది. తర్వాతి తరం వీటిలో తలా ఒక దారం పట్టుకుని దశాబ్దాలపాటు కొట్టుకుంది. రోజా లక్సెంబర్గ్ 1913లో, పెట్టుబడిదారీ వ్యవస్థ తన సరుకుని అమ్ముకోవడానికి ఇంకా పెట్టుబడిదారీ విధానంలోకి రాని ప్రాంతాల మీద ఆధారపడుతుందని, వలసలు అందుకేనని వాదించింది. అంతకు మూడేళ్ల ముందు హిల్ఫర్డింగ్ బ్యాంకులూ పరిశ్రమలూ కలిసిపోయిన తీరు గురించి రాశాడు.

మార్క్స్ దృష్టిలో సంక్షోభం వ్యవస్థ పాడవడం వల్ల వచ్చేది కాదు, అది మామూలుగా నడుస్తున్నప్పుడే వచ్చేది. అంతేకాదు, సంక్షోభంలో దివాలా తీసినవాళ్ల ఆస్తులు చౌకగా చేతులు మారి, జీతాలు తగ్గి, మళ్లీ లాభాలకి దారి ఏర్పడుతుంది. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు.

లాభాల రేటు పడిపోతుందన్నది నిజంగా రుజువైందా?

వివాదం ఇంకా తెగలేదు. మార్క్స్ స్వయంగా దాన్ని ధోరణి అన్నాడు, దాన్ని అడ్డుకునే శక్తుల జాబితా కూడా ఇచ్చాడు: పని ఒత్తిడి పెంచడం, జీతాలు తగ్గించడం, యంత్రాలు చౌక కావడం, విదేశీ వ్యాపారం వగైరా. 1961లో జపాన్ ఆర్థికవేత్త ఒకిషియో, నిజ వేతనాలు మారకపోతే ఖర్చు తగ్గించే కొత్త టెక్నాలజీ లాభాల రేటుని తగ్గించదని గణితంతో చూపించాడు. దానికి మార్క్సిస్టుల నుంచి జవాబులూ వచ్చాయి. అడ్డుకునే శక్తులు ఎన్నైనా చేర్చుకుంటూ పోతే ఏ అంకె వచ్చినా సిద్ధాంతానికి సరిపోతుంది, నాకు నచ్చనిది అదే. ప్రతి సంక్షోభానికీ ఇదే తాళంచెవి అనేవాళ్లని కాస్త అనుమానంగానే చూడండి.

దుర్కైమ్ ఆత్మహత్యల గురించి రాశాడు కదా, సంక్షోభంతో సంబంధం ఏంటి?

1897 నాటి ఆ అధ్యయనంలో ఆయన 1873 వియన్నా ఆర్థిక పతనం, 1882 పారిస్ స్టాక్ మార్కెట్ పతనం చూశాడు. రెండు చోట్లా ఆత్మహత్యలు పెరిగాయి. పేదరికం వల్ల అనుకోవచ్చు. కానీ హఠాత్తుగా సంపద పెరిగిన కాలాల్లో కూడా, ఉదాహరణకి ఏకీకరణ తర్వాతి ఇటలీలో, అవి పెరిగాయి. ఎప్పటినుంచో పేదగా ఉన్న ప్రాంతాల్లో తక్కువగా ఉన్నాయి. కాబట్టి అసలు సమస్య లేమి కాదని తేల్చాడు. ఎవరు ఎంత ఆశించడం న్యాయమో చెప్పే సామాజిక కొలబద్దలు ఒక్కసారిగా పనిచేయకుండా పోవడాన్ని ఆయన అనోమీ అన్నాడు. వ్యాపార ప్రపంచంలో ఈ స్థితి అప్పుడప్పుడూ వచ్చేది కాదు, ఎప్పుడూ ఉండేదే అన్నది ఆయన అసలు ఆరోపణ. ధరలు బుడగలా ఉబ్బి సంపద పెరిగేటప్పుడు కూడా సమాజం దెబ్బతింటుందని చెప్పిన తొలివాళ్లలో ఆయనొకడు, ఈ పాయింట్‌కి రావలసినంత పేరు రాలేదు.

మరి వెబర్?

సంక్షోభాల మీద ప్రత్యేకంగా సిద్ధాంతం కట్టలేదు. 1890లలో స్టాక్ ఎక్స్చేంజీల గురించి రాసినవి ఉన్నాయి, డబ్బు లెక్కలు, హేతుబద్ధత గురించిన ఆలోచనలు ఉన్నాయి. ఒక్కొక్కరి లెక్క సరిగ్గానే ఉన్నా అందరి లెక్కలూ కలిసి పిచ్చి ఫలితం ఇవ్వొచ్చన్నది ఆయన నుంచి తీసుకోవచ్చు. అంతకుమించి బలవంతంగా లాగొద్దు.

పొలానీ చెప్పిన జంట కదలిక అంటే ఏంటి? అందరూ ఆయన్నే ఎందుకు ఉదహరిస్తారు?

కార్ల్ పొలానీ 1944లో వేసుకున్న ప్రశ్న ఇది: నూరేళ్లు నడిచిన అంతర్జాతీయ వ్యవస్థ 1930లలో ఎందుకు కూలింది, దాని తర్వాత ఫాసిజం ఎందుకొచ్చింది? ఆయన జవాబు 19వ శతాబ్దపు ఇంగ్లండ్ దగ్గర మొదలవుతుంది. 1834లో పేదల చట్టం మార్చి, బతకాలంటే శ్రమ అమ్ముకోక తప్పని పరిస్థితి తెచ్చారు. 1844లో బ్యాంకు చట్టంతో డబ్బుని బంగారానికి కట్టేశారు. 1846లో ధాన్యం మీద సుంకాలు ఎత్తేశారు. శ్రమ, భూమి, డబ్బు మూడూ మార్కెట్లో సరుకులైపోయాయి. కానీ ఇవి అమ్మడానికి తయారైనవి కావు. శ్రమ అంటే మనిషి జీవితం, భూమి అంటే ప్రకృతి, డబ్బు అంటే సమాజం పెట్టుకున్న ఏర్పాటు. అందుకే వీటిని కల్పిత సరుకులు అన్నాడు.

వీటిని నిజంగా మార్కెట్ చేతికే వదిలేస్తే సమాజం తట్టుకోలేదు కాబట్టి ఎదురు కదలిక మొదలవుతుంది: ఫ్యాక్టరీ చట్టాలు, కార్మిక సంఘాలు, సుంకాలు, కేంద్ర బ్యాంకులు. మార్కెట్‌ని విస్తరించే కదలిక, సమాజం తనని కాపాడుకునే కదలిక, ఈ రెండూ కలిపి జంట కదలిక. రెండూ ఒకదాన్నొకటి లాగుతూ చివరికి బంగారు ప్రమాణం, అంటే డబ్బు విలువని బంగారానికి కట్టేసిన ఆ పద్ధతి, దగ్గర తెగింది. దాన్ని నిలబెట్టాలంటే జీతాలు, సంక్షేమం కోయాలి. ఓటు హక్కు వచ్చిన జనం ఎంతకాలం ఒప్పుకుంటారు? 1931లో బ్రిటన్ దాని నుంచి బయటపడింది.

ఆయన్ని ఇంతగా ఉదహరించడానికి కారణం, కాపాడుకునే కదలిక ఎప్పుడూ మంచివైపే వెళ్తుందని ఆయన అనకపోవడం. అమెరికాలో న్యూ డీల్ (1930లలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన ఉపాధి, సంక్షేమ సంస్కరణలు), జర్మనీలో నాజీలు, రెండూ అదే కుప్పకూలడానికి వచ్చిన జవాబులు. ఈ మాట వదిలేసి ఆయన్ని సంక్షేమ రాజ్యానికి ప్రచారకర్తలా వాడేవాళ్లే ఎక్కువ. లోపం కూడా ఉంది: సమాజం అంటే ఎవరు, ఏ వర్గం ఎవరితో కలిసి ఎదురు తిరుగుతుంది అన్నది ఆయన దగ్గర అంత స్పష్టంగా ఉండదు.

షుంపీటర్ సంక్షోభాలు మంచివే అన్నాడా?

దాదాపుగా. కొత్త పద్ధతి వచ్చి పాత పరిశ్రమని చంపేయడమే పెట్టుబడిదారీ విధానం ప్రాణమని, దానికి 1942లో సృజనాత్మక విధ్వంసం అని పేరు పెట్టాడు. మాంద్యం ఆ ఊడ్చివేతలో భాగం. కానీ అదే పుస్తకంలో ఈ వ్యవస్థ బతకదని కూడా రాశాడు: పెద్ద కంపెనీల్లో కొత్తదనం ఆఫీసు పనిలా మారిపోతుంది, వ్యాపారిని గౌరవించే విలువలు అరిగిపోతాయి, చదువుకున్నవాళ్లు వ్యతిరేకులవుతారు. స్టార్టప్ ఉపన్యాసాల్లో ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. అన్నట్టు ఆయన అధ్యక్షుడిగా ఉన్న వియన్నా బ్యాంకు 1924లో మునిగింది, విధ్వంసం ఆయనకి పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసింది కాదు.

## రెండో ప్రపంచ యుద్ధం తర్వాత

1945 నుంచి 1973 దాకా పెద్ద సంక్షోభమే రాలేదు కదా, అదెలా?

ఈ ప్రశ్నకి బాగా జవాబిచ్చింది ఫ్రెంచ్ రెగ్యులేషన్ స్కూల్. 1976లో మిషెల్ అగ్లియెట్టా మొదలుపెట్టగా బోయే, లిపియెట్జ్ వగైరా పెంచారు. వాళ్ల లెక్కలో పెట్టుబడిదారీ విధానం తనంతట తాను స్థిరంగా ఉండదు. దాన్ని కొంతకాలం స్థిరంగా ఉంచే నియమాలు, సంస్థలు, రాజీలు ఉండాలి. యుద్ధం తర్వాత కుదిరిన అలాంటి ఏర్పాటుని ఫోర్డిజం అన్నారు. భారీ ఉత్పత్తికి భారీ వినియోగం తోడవ్వాలి, ఉత్పాదకత పెరిగిన మేరకు జీతాలూ పెరగాలి, సంఘాలు గుర్తింపు పొందాలి, సంక్షేమం గిరాకీని నిలబెట్టాలి. హెన్రీ ఫోర్డ్ 1914లో రోజుకి 5 డాలర్ల కూలి ప్రకటించడం దీనికి గుర్తుగా చెబుతారు, కానీ ఒక్క యజమాని చేస్తే అది వ్యవస్థ కాదు, దేశాలు మొత్తంగా చేసినప్పుడే అయింది.

1960ల చివరికి ఉత్పాదకత పెరుగుదల మందగించింది, జీతాల డిమాండ్లు ఆగలేదు, 1971 ఆగస్టులో అమెరికా డాలర్‌కి బంగారంతో ఉన్న లంకె తెంపేసింది, 1973లో చమురు దెబ్బ. చమురు వల్లే అంతా పోయిందనుకుంటే మాత్రం పొరపాటు, అప్పటికే ఏర్పాటు బీటలు వారింది.

హాబర్మాస్ లెజిటిమసీ (పాలించే అర్హత) సంక్షోభం ఎన్నిసార్లు చదివినా అర్థం కావడం లేదు

మీ తప్పు లేదు, రాసిన తీరు అలాంటిది. 1973 నాటి వాదనని విప్పితే ఇలా ఉంటుంది. పాతకాలంలో మార్కెట్ కూలితే తప్పు మార్కెట్‌దే, ఎవరినీ అడగడానికి ఉండేది కాదు. తర్వాత ప్రభుత్వం ఆర్థిక వ్యవస్థని నడిపించే బాధ్యత తీసుకుంది, కాబట్టి ఆర్థిక చిక్కు ప్రభుత్వం ఒళ్లోకి వచ్చిపడింది. పెట్టుబడికి లాభం ఆగకూడదు, జనానికి న్యాయం జరుగుతున్నట్టూ ఉండాలి. రెండూ ఒకేసారి కుదరనప్పుడు ప్రభుత్వ నిర్ణయాలు ఒకదానికొకటి పొసగవు, దాన్ని ఆయన హేతుబద్ధతా సంక్షోభం అన్నాడు. అది చూసి ఈ ప్రభుత్వానికి మమ్మల్ని పాలించే అర్హత ఎక్కడిదని జనం అడిగితే లెజిటిమసీ సంక్షోభం. ఇంకా ముందుకెళ్లి, కష్టపడితే పైకొస్తామన్న నమ్మకమే ఆరిపోతే, చదవాలి, పనిచేయాలి అన్న ఉత్సాహమే పోతే అది ప్రేరణ సంక్షోభం.

ఆర్థిక, హేతుబద్ధతా, లెజిటిమసీ, ప్రేరణ: ఒకచోట అణచిన చిక్కు ఇంకోచోట తేలుతుంది. ఆ తేలే చోట్లకి ఆయన గీసిన పటం ఇది. తప్పిన అంచనా కూడా ఒకటుంది. జనం ప్రభుత్వం నుంచి ఇంకా ఎక్కువ అడుగుతూ పోతారని ఆయన అనుకున్నాడు. 1980లలో థాచర్, రేగన్ ప్రభుత్వాలు మమ్మల్ని అడక్కండి, మార్కెట్‌ని అడగండి అని చేతులు దులుపుకోగలిగాయి, అయినా మళ్లీ గెలిచాయి.

ఓకానర్ చెప్పిన ప్రభుత్వ ఖజానా సంక్షోభం దీనికి ఎలా వేరు?

జేమ్స్ ఓకానర్ అదే 1973లో అమెరికా బడ్జెట్ పట్టుకుని చూశాడు. ప్రభుత్వం రెండు రకాల ఖర్చులు పెట్టాలి: పెట్టుబడి లాభాలకి దోహదపడే రోడ్లు, విద్య, పరిశోధన ఒకవైపు, సామాజిక శాంతి కోసం సంక్షేమం, పోలీసు ఇంకోవైపు. ఖర్చు అందరి మీదా పడుతుంది, లాభం ప్రైవేటు జేబులోకి పోతుంది. అందుకే ఖర్చు ఎప్పుడూ ఆదాయాన్ని దాటుతుంది. న్యూయార్క్ నగరం 1975లో దివాలా అంచుకి వెళ్లినప్పుడు ఈ వాదన ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది. నైతిక భాష తక్కువ, లెక్కల భాష ఎక్కువ కాబట్టి మొదటిసారి చదివేవాళ్లకి ఇదే సులువు.

అరిగి, వాలర్‌స్టైన్ వాళ్లు దేశాల వారీగా ఎందుకు చూడరు?

సంక్షోభం ఒక దేశంలో పుట్టినట్టు కనిపించినా, 16వ శతాబ్దం నుంచీ పెట్టుబడిదారీ విధానం ఒకే ప్రపంచ వ్యవస్థ అని వాలర్‌స్టైన్ వాదన, అందులో లాభాలు చేరే సంపన్న దేశాలు కేంద్రం, చౌక శ్రమ, ముడిసరుకు ఇచ్చే దేశాలు అంచు, మధ్యలో ఉన్నవి అర్ధ అంచు. అరిగి 1994లో దీన్ని చక్రాలుగా పేర్చాడు: జెనోవా, డచ్, బ్రిటన్, అమెరికా. ప్రతి చక్రంలో మొదట వ్యాపారం, ఉత్పత్తి పెరుగుతాయి, పోటీ పెరిగి లాభాలు సన్నబడ్డాక పెట్టుబడి ఫైనాన్స్ వైపు మళ్లుతుంది. ఆ దశలో పైకి మహా వైభవంగా ఉంటుంది గానీ నిజానికి అది ఆ చక్రానికి అధిపతిగా ఉన్న దేశానికి సాయంకాలం. కథ అందంగా కుదిరింది, మరీ అందంగా కుదిరిందని నా అనుమానం.

ఫైనాన్షియలైజేషన్, అంటే ఉత్పత్తి కంటే ఫైనాన్స్ నుంచే ఎక్కువ లాభాలు రావడం, బ్యాంకర్లు పన్నిన ప్లానా?

గ్రెటా క్రిప్నర్ 2011లో చెప్పిన జవాబు చాలామందిని ఆశ్చర్యపరిచింది: ఎవరూ అలా ప్లాన్ చేయలేదు. 1970లలో అమెరికా ప్రభుత్వానికి తలనొప్పి ఏంటంటే, ఉన్న కొద్ది వనరుల్ని ఎవరికి ఇవ్వాలి, ఎవరికి కాదనాలి అని తేల్చడం. ఎటు తేల్చినా ఓట్లు పోతాయి. అందుకని డిపాజిట్ల వడ్డీ మీద పరిమితులు ఎత్తేసి, అప్పు ఎవరికి దొరకాలో మార్కెట్‌నే తేల్చనిచ్చారు. తీరా చూస్తే అప్పు తగ్గలేదు, వరదలా పెరిగింది. విదేశీ పెట్టుబడి కూడా వచ్చి పడింది. కష్టమైన రాజకీయ నిర్ణయం తప్పించుకోవడానికి చేసిన పనులు పోగుపడి ఫైనాన్స్ పెత్తనంగా మారాయి. ఈ అంశం మీద కుట్ర వాసన లేని వివరణ కావాలంటే ఇదే చదవండి.

స్ట్రీక్ సమయం కొనుక్కోవడం అంటారు, ఏంటది?

వోల్ఫ్‌గాంగ్ స్ట్రీక్ 2013లో గీసిన వరస ఇది. యుద్ధానంతర రాజీ కుదరని దశకి వచ్చాక, ఎదుగుదల లేకపోయినా అందరికీ ఉందనిపించేలా డబ్బుతో సమయం కొన్నారు. 1970లలో ద్రవ్యోల్బణం రూపంలో, అంటే జీతాలూ పెరుగుతాయి ధరలూ పెరుగుతాయి. 1979 తర్వాత అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ విపరీతంగా పెంచి ద్రవ్యోల్బణాన్ని విరిచేసింది, అప్పుడు ప్రభుత్వ అప్పు ఆ పని చేసింది. 1990లలో ప్రభుత్వ ఖర్చు కోసి, ఆ లోటు కుటుంబాల ప్రైవేటు అప్పుతో నింపారు. 2008లో అది పేలాక కేంద్ర బ్యాంకులు నోట్లతో నిలబెట్టాయి. ప్రతి మందూ తర్వాతి జబ్బైంది. ఆయన చివర్లో యూరో నుంచి వెనక్కి తగ్గాలనడం, జాతీయ రాజ్యమే దిక్కనడం మీద చాలా విమర్శలున్నాయి, హాబర్మాస్ కూడా గట్టిగానే విభేదించారు. వరస మాత్రం గట్టిది.

## 2008, ఆ తర్వాత

2008లో అమెరికా ఇంటి రుణాల దగ్గర మొదలై ప్రపంచ బ్యాంకింగ్‌నే కుదిపేసిన అంత పెద్ద పతనం వస్తుంటే ఎవరూ ఎందుకు చూడలేదు?

2008 నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లిన ఎలిజబెత్ రాణి కూడా ఇదే అడిగింది. చూసినవాళ్లు ఉన్నారు, కానీ ఎవరి కిటికీలోంచి వాళ్లు కొంచెమే చూశారు. డొనాల్డ్ మెకెంజీ 2011లో ఇది చూపించారు. ఇంటి రుణాల బాండ్లని లెక్కగట్టేవాళ్లు ఒక బృందం, కంపెనీ అప్పుల మూటల్ని లెక్కగట్టేవాళ్లు ఇంకో బృందం, పద్ధతులు వేరు, అలవాట్లు వేరు. ఇంటి రుణాల బాండ్లని మళ్లీ మూటగట్టిన సరుకు వచ్చినప్పుడు అది ఈ ఇద్దరి మధ్యా పడింది. మొదటివాళ్లు ఇచ్చిన రేటింగ్‌ని రెండోవాళ్లు ప్రశ్నించకుండా తీసుకున్నారు. ఆ సందులోనే లాభం కూడా ఉంది కాబట్టి సందు పూడ్చాలని ఎవరికీ తొందర లేదు.

పుకారుకే బ్యాంకు మునిగిపోతుందా?

మునుగుతుంది. రాబర్ట్ మెర్టన్ 1948లో దీన్నే ఉదాహరణగా తీసుకుని, తనని తాను నిజం చేసుకునే జోస్యం అన్న భావన ఇచ్చాడు. బాగానే ఉన్న బ్యాంకు మునుగుతోందని జనం నమ్మి డబ్బు తీసుకుంటే, అది నిజంగానే మునుగుతుంది. పాతరోజుల్లో క్యూలు కట్టేవాళ్లు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో సుమారు 4,200 కోట్ల డాలర్లు బయటికెళ్లాయి, అదీ ఎక్కువగా ఫోన్లు, కంప్యూటర్ల మీదే. ఆ బ్యాంకు దగ్గర ఉన్న బాండ్ల విలువ వడ్డీ పెరగడంతో ముందే పడిపోయింది, పూర్తిగా వట్టి పుకారు అని కూడా అనలేం. భయానికి ఆధారం ఎంత, గుంపు ఎంత అన్నది విడదీయడం చాలా కష్టం.

బ్యాంకర్ల అత్యాశే కారణం అంటే సరిపోదా?

అత్యాశ 1955లో కూడా ఉంది, అప్పుడు ఎందుకు పేలలేదు? అత్యాశకి ఏ సంస్థ దారి ఇచ్చింది అన్నదే చూడాలి. వాల్ స్ట్రీట్‌లో ఫీల్డ్‌వర్క్ చేసిన మానవ శాస్త్రవేత్త కరెన్ హో, అక్కడ ఉద్యోగమే ఎప్పుడు పోతుందో తెలియని పరిస్థితిలో ఈ ఏడాది బోనస్, ఈ డీల్ తప్ప రేపటి గురించి ఆలోచించే వీలే ఉండదని చూపించారు. నీల్ ఫ్లిగ్‌స్టీన్ 2021లో, పెద్ద బ్యాంకులు రుణం ఇవ్వడం, మూటగట్టడం, అమ్మడం, అట్టేపెట్టుకోవడం అన్నీ తామే చేసే యంత్రంగా మారాయని, 2003 తర్వాత మంచి రుణగ్రహీతలు అయిపోయేసరికి ఆ యంత్రానికి మేత కోసం సబ్‌ప్రైమ్‌కి, అంటే తిరిగి కట్టే స్తోమత అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి ఇచ్చే రుణాలకి, దిగాయని వాదించారు.

సంక్లిష్ట వ్యవస్థల్లో ప్రమాదాలు తప్పవని 1984లో రాసిన చార్ల్స్ పెరో కూడా ఉన్నాడు. ఆ సిద్ధాంతాన్ని 2008కి అన్వయించబోతే, వద్దు, ఇది ఆ రకం ప్రమాదం కాదు, పైవాళ్లకి తెలిసే జరిగిందని ఆయనే అడ్డుపడ్డాడు. తన సిద్ధాంతం వర్తించదని చెప్పే పెద్దమనిషి అరుదు.

ఇంత జరిగాక కూడా నియోలిబరల్ విధానాలు, అంటే ప్రభుత్వం తప్పుకుని అన్నీ మార్కెట్‌కి వదిలేయాలనేవి, ఎందుకు పోలేదు?

కాలిన్ క్రౌచ్ 2011లో చెప్పిన కారణం సూటిగా ఉంటుంది: వాటివల్ల నిజంగా బలపడింది మార్కెట్ కాదు, భారీ సంస్థలు. పడిపోతే దేశాన్నే లాక్కెళ్లే పరిమాణంలో ఉన్నవాళ్లని ఎవరూ పడనివ్వరు. 2008 అక్టోబరులో అమెరికా 70 వేల కోట్ల డాలర్ల సహాయ చట్టం చేసింది. తర్వాత రెండేళ్లకే చర్చ బ్యాంకుల అప్పు మీద నుంచి ప్రభుత్వాల అప్పు మీదకి మారింది, గ్రీసు లాంటి చోట్ల పింఛన్లు కోశారు. నిందని ఇలా ఒకచోట నుంచి ఇంకోచోటికి జరపగలగడం కూడా అధికారమే.

ఉద్యోగాలు పోతే జనం తిరగబడతారు కదా?

ఎక్కువసార్లు తిరగబడరు. దీని మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యయనం మారియెంథాల్‌ది. వియన్నా దగ్గర ఆ పల్లె మొత్తం ఒక బట్టల మిల్లు మీద బతికేది, 1930 నాటికి అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసల్ అక్కడ చేసిన పరిశోధన 1933లో వచ్చింది. సోషలిస్టు ఆలోచన ఉన్న పరిశోధకులు, బలమైన కార్మిక సంప్రదాయం ఉన్న ఊరు, కోపం కనిపిస్తుందనే అనుకోవచ్చు.

కనిపించింది వేరే. చేతినిండా ఖాళీ సమయం ఉన్నా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం దాదాపు సగానికి పడిపోయింది. రాజకీయ సంఘాల్లో సభ్యులు తగ్గారు. పరిశోధకులు దాక్కుని జనం నడకని కూడా లెక్కపెట్టారు: మగవాళ్లు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు, ఇంటిపని తప్పని ఆడవాళ్లు చకచకా వెళ్లేవాళ్లు. రోజంతా ఏం చేశారో రాయమంటే మగవాళ్లకి రెండు మూడు విషయాలు తప్ప గుర్తులేవు. ఎక్కువ కుటుంబాల్ని సర్దుకుపోయినవాళ్లు అన్న వర్గంలో పెట్టాల్సి వచ్చింది.

దీన్నిబట్టి జనం ఎప్పుడూ లేవరని కాదు. లేవాలంటే ఆకలి ఒక్కటే చాలదు, సంస్థ, ఆశ, రేపటి గురించి ఒక ఊహ ఉండాలి. ఉద్యోగం పోయినప్పుడు మొదట పోయేవి అవే.

## చదివింది వాడుకునేటప్పుడు

ఇంటిపని, పిల్లల పెంపకం, పర్యావరణం ఈ సిద్ధాంతాల్లో ఎక్కడున్నాయి?

పాతవాటిలో చాలావరకు లేవు. నాన్సీ ఫ్రేజర్ వాదన ఏంటంటే, పెట్టుబడిదారీ విధానం తాను డబ్బు కట్టని వాటి మీద నిలబడుతుంది: ఆడవాళ్లు ఎక్కువగా చేసే సంరక్షణ పని, ప్రకృతి, ప్రభుత్వ వ్యవస్థలు. వాటినే తినేస్తూ పోతుంది కాబట్టి సంక్షోభం మార్కెట్ లోపలే కాక దాని సరిహద్దుల్లో కూడా పుడుతుంది. ఓకానర్ 1988లోనే పర్యావరణాన్ని రెండో వైరుధ్యంగా చెప్పాడు: మొదటిది గిరాకీ సమస్య, రెండోది నేల, నీరు, ఆరోగ్యం పాడై ఖర్చులు పెరిగే సమస్య. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ వాదనల్ని కొత్తగా చదివినవాళ్లు చాలామంది.

ఒకే వ్యాసంలో అన్ని సిద్ధాంతాలూ కలిపి వాడొచ్చా?

రెండు వాడండి, అదీ ఒకదానితో ఒకటి తగాదా పడేవి. ఉదాహరణకి ఫైనాన్స్ పెరుగుదలని అరిగి ప్రపంచ చక్రంలో భాగం అంటాడు, క్రిప్నర్ వాషింగ్టన్‌లో తప్పించుకున్న నిర్ణయాల ఫలితం అంటారు. ఏది సరైందో తేల్చాలంటే ఏ ఆధారం కావాలో రాస్తే వ్యాసం నిలబడుతుంది. ఎనిమిది పేర్లు వరసగా పేర్చి అందరూ కొంత నిజమే చెప్పారని ముగిస్తే చదివేవాళ్లకి ఏమీ మిగలదు.

పెట్టుబడిదారీ వ్యవస్థ అంతమైపోతుందని వీళ్లు నిజంగా నమ్ముతారా?

ఒకే మాట మీద లేరు. 2013లో ఐదుగురు సోషియాలజిస్టులు ఇదే ప్రశ్నకి ఒకే పుస్తకంలో వేర్వేరు జవాబులు రాశారు. ఈ శతాబ్దం మధ్యకల్లా అంతమన్నవాళ్లు వాలర్‌స్టైన్, రాండల్ కాలిన్స్. వాలర్‌స్టైన్ కారణం కూలీ, ముడిసరుకు, పన్నుల ఖర్చులు ప్రపంచమంతటా పెరిగి లాభం మిగలకపోవడం. కాలిన్స్ కారణం కంప్యూటర్లు మధ్యతరగతి ఉద్యోగాల్ని తినేయడం. మైకేల్ మన్ ఒప్పుకోలేదు, చరిత్ర అలా ఒక్క తర్కంతో నడవదని ఆయన మాట. స్ట్రీక్ తర్వాత ఇంకో దారి చెప్పారు: దాని స్థానంలో ఇంకోటి ఏదీ సిద్ధంగా లేకుండానే వ్యవస్థ ఏళ్ల తరబడి కుళ్లుతూ కొనసాగవచ్చని. తేదీలు చెప్పే జోస్యాలు ఇప్పటిదాకా తప్పుతూనే వచ్చాయి, కాబట్టి నేను కాలిన్స్‌ని తేదీ కోసం చదవను. ఇదివరకు యంత్రాలు కూలీల పని తీసేసినప్పుడు ఆఫీసు ఉద్యోగాలు వాళ్ల పిల్లల్ని లోపలికి తీసుకున్నాయి, ఆ ఉద్యోగాలే పోతే తీసుకునే రంగం ఏది అని ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం సరైన జవాబు ఇంకా ఎవరి దగ్గరా కనపడలేదు.